పేరులోనే నిద్ర ఉంది, మరి సీసాలో?

బెంగళూరు మారతహళ్లిలో మా పై ఇంట్లో ఉండే కుర్రాడిది గుత్తి. మాది అనంతపురం అని తెలిసిన రోజు నుంచి నన్ను అన్నా అంటాడు. అమెరికా టైమింగ్స్‌లో పని, పడుకునేసరికి తెల్లవారుజాము ఐదు, ఆరున్నరకల్లా కింద రోడ్డు మీద హారన్లు మొదలు. మొన్న ఫోన్‌లో ఒక చిన్న సీసా ఫొటో చూపించి, "అన్నా, ఇది వేసుకుంటే గాఢనిద్ర గ్యారంటీ అంట, జిమ్‌లో చెప్పారు" అన్నాడు. సీసా మీద డీఎస్ఐపీ అని ఉంది. దాని కింద పరిశోధనకు మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉన్నది మాత్రం వాడు చూడలేదు.

డీఎస్ఐపీ అంటే డెల్టా స్లీప్ ఇండ్యూసింగ్ పెప్టైడ్, డెల్టా నిద్ర, అంటే గాఢనిద్ర, తెప్పించే పెప్టైడ్ అని. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలు కలిసిన చిన్న గొలుసు. రుజువు కాకముందే పేరు పెట్టేశారు, గొడవంతా అక్కడే మొదలైందని నా అనుమానం.

నిద్ర అనేది ఒంట్లో ఊరే ఏదో పదార్థం వల్ల వస్తుందన్న ఆలోచన చాలా పాతది. 1909లో జపాన్‌లో ఇషిమోరి, 1913 నాటికి ఫ్రాన్స్‌లో పియరాన్ పాపం కుక్కల్ని రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా ఉంచి, వాటి మెదడు నుంచో, మెదడు చుట్టూ ఉండే ద్రవం నుంచో తీసినది మెలకువగా ఉన్న కుక్కలకు ఎక్కిస్తే అవి కూడా తూగాయని రాశారు. ఆ పదార్థం ఏమిటో పట్టుకోవడం అప్పట్లో ఎవరివల్లా కాలేదు.

స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో మోనియె బృందం ఇదే దారి పట్టింది. కుందేలు మెదడులో థాలమస్ అనే చోట మెల్లగా కరెంటు తగిలించి దాన్ని నిద్రపుచ్చేవారు. అది నిద్రలో ఉండగా మెదడు నుంచి తిరిగొచ్చే రక్తాన్ని డయాలిసిస్ చేసి, అంటే పల్చటి పొర గుండా వడగట్టి, అందులోంచి వచ్చినదాన్ని వేరే కుందేలుకి ఇస్తే, దాని ఈఈజీలో, అంటే మెదడు విద్యుత్ అలల రికార్డులో, డెల్టా అలలు పెరిగాయి. డెల్టా అంటే సెకనుకి నాలుగుకి మించని నెమ్మది అలలు, మనం లేపినా లేవనంత నిద్రలో కనిపించేవి. ఏళ్ల తరబడి వడగట్టి వడగట్టి 1977లో షోనెన్‌బర్గర్, మోనియె దాని నిర్మాణం ప్రచురించారు. తొమ్మిదే తొమ్మిది అమైనో ఆమ్లాలు. ఇంత చిన్నది కాబట్టి ల్యాబులో తయారీ పెద్ద కష్టం కాదు, ఇవాళ ఇంత సులువుగా సీసాల్లో దొరకడానికి ఒక కారణం అదే.

1980లలో మనుషుల మీద ప్రయత్నించారు, నిద్రలేమికే కాదు, మద్యం మానేటప్పుడు వచ్చే ఇబ్బందులకు కూడా. కొన్ని చిన్న ప్రయోగాల్లో బాగుందన్నారు. 1992లో 16 మంది దీర్ఘకాల నిద్రలేమి రోగులకు, ఎవరికి డీఎస్ఐపీ, ఎవరికి ఉత్తుత్తి మందు ఇస్తున్నారో తెలియకుండా, సిరలోకి ఎక్కించి చూశారు. కాస్త తేడా కనబడింది గానీ చికిత్సగా పెద్ద ప్రయోజనం ఉండకపోవచ్చని తేల్చారు.

అసలు చిక్కు ఇంకొకటి. మన ఒంట్లో దీన్ని తయారుచేసే జీన్ ఏది, ఇది వెళ్లి అతుక్కునే రిసెప్టర్ ఏది అని వెతికితే రెండూ దొరకలేదు. 2006లో కోవల్‌జోన్, స్ట్రెకలోవా రాసిన సమీక్షకి పెట్టిన పేరే ఇంకా తేలని చిక్కుముడి అని. పైగా రక్తంలోకి వెళ్లిన నిమిషాల్లోనే ఎంజైములు దీన్ని ముక్కలు చేసేస్తాయి.

పక్కనే ఒరెక్సిన్ అనే మరో మెదడు పెప్టైడ్ కథ చూడండి. 1998లో దొరికింది, రిసెప్టర్ ముందు చేతికొచ్చి దాన్ని పట్టుకుని పెప్టైడ్‌ని వెతికారు. మెలకువని నిలబెట్టేది అదేనని తేలాక దాన్ని అడ్డుకునే సువోరెక్సంట్ అనే నిద్రమందుకి 2014లో అమెరికా అనుమతి వచ్చింది. పదహారేళ్లు! డీఎస్ఐపీకి నిర్మాణం తెలిసే నలభై ఏళ్లు దాటింది, ఇప్పటికీ దాని అడ్రసు లేదు.

2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డీఎస్ఐపీని ఎమిడెల్టైడ్ అన్న పేరుతో, ఫార్మసీలు సొంతంగా కలిపి ఇస్తే భద్రత సమస్యలు రావచ్చన్న పదార్థాల జాబితాలో పెట్టింది. ఒంటి రోగనిరోధక వ్యవస్థ ఎదురుతిరగొచ్చు, తయారీలో మలినాలు ఉండొచ్చు అని కారణాలు చెప్పింది. మన దేశంలోనూ ఇది మందుగా అనుమతి పొందినది కాదు.

ఇదంతా మేడ మీద కూర్చోబెట్టి చెప్పాను. వాడు రాత్రి రెండింటికి తాగే ఫిల్టర్ కాఫీ సంగతి ముందు చూసుకోమని, అవసరమైతే ఇక్కడి మెదడు, మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో నిద్ర సమస్యలు చూసే డాక్టర్లున్నారని కూడా చెప్పాను. అంతా విని, "కుందేలుకి పనిచేసింది కదన్నా" అన్నాడు.

పనిచేసింది నాయనా. 1977లో దాన్ని కుందేలు మెదడు లోపలికే నేరుగా ఎక్కించారు.