మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: 5జీ ఏదో ఒక కంపెనీ కనిపెట్టినది.

వాస్తవం: 5జీ ప్రమాణాలను 1998 డిసెంబరులో ఏర్పడిన 3జీపీపీ అనే ఉమ్మడి వేదిక రాస్తుంది. అమెరికా, యూరప్, చైనా, కొరియా, భారత్‌ల నుంచి ఒక్కొక్కటి, జపాన్ నుంచి రెండు, మొత్తం ఏడు ప్రమాణాల సంస్థలు అందులో భాగస్వాములు. వాటి సభ్య సంస్థలు పంపే ఇంజనీర్లే కార్యవర్గాలలో కూర్చుంటారు. సంకేతం గాలిలో ఎలా ప్రయాణించాలో రాన్1 అనే కార్యవర్గం, భద్రత ఎలా ఉండాలో ఎస్ఏ3 అనే కార్యవర్గం తేలుస్తాయి. దారిలో చెదిరిన సమాచారాన్ని సరిదిద్దే కోడ్‌ల ఎంపిక 2016లో రాన్1 ముందుకు వచ్చినప్పుడు కంపెనీలు వేర్వేరు పక్షాలుగా విడిపోయి నెలల తరబడి వాదించాయి. చివరికి డేటాకు, అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గాలగర్ 1960లలో ప్రతిపాదించిన ఎల్‌డీపీసీ కోడ్‌లూ, చిన్న చిన్న నియంత్రణ సందేశాలకు, టర్కీ శాస్త్రవేత్త ఎర్డాల్ అరికాన్ 2009లో ప్రచురించిన పోలార్ కోడ్‌లూ ఖరారయ్యాయి. మీ చేతిలోని 5జీ ఫోనులో ఆ రెండూ పనిచేస్తున్నాయి.

అపోహ: ఎక్కువ ఓట్లు పడినవారి మాటే చెల్లుతుంది.

వాస్తవం: ఓటింగుకు నియమం ఉంది, సాంకేతిక విషయం నెగ్గాలంటే 71 శాతం ఓట్లు కావాలి, కానీ అక్కడిదాకా వెళ్ళడం చాలా అరుదు. పని జరిగేది ఏకాభిప్రాయంతో. అంటే అందరూ మెచ్చుకోవాలని కాదు, గట్టిగా పట్టుబట్టే అభ్యంతరం ఎవరి దగ్గరా మిగలకూడదని.

ఖరారైన పత్రంలో ఒక్క మాట మార్చాలన్నా ‘చేంజ్ రిక్వెస్ట్’ వేయాలి. దాని ముఖపత్రంలో, ఈ మార్పును ఆమోదించకపోతే ఏమవుతుందో రాయవలసిన గడి ఒకటి ఉంటుంది. ఈ కార్యవర్గాలలో నేను వేసిన మొదటి ప్రతిపాదనలో ఆ గడిలో ‘పనితీరు తగ్గుతుంది’ అని మాత్రమే రాశాను. ఏ ఫోనుకు, ఏ పరిస్థితిలో తగ్గుతుందని ఒక చిప్ తయారీ సంస్థ ఇంజనీరు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. సమావేశ అధ్యక్షులు ‘నోటెడ్’ అన్నారు, అంటే పత్రాన్ని చూశాం గాని నిర్ణయమేమీ తీసుకోలేదని అర్థం. తరువాతి సమావేశంలో, కాఫీ విరామ సమయంలో, ఆ ఇంజనీరుతోనే కూర్చుని వాక్యాన్ని తిరగరాశాను. తప్పనిసరి అని చెప్పే ‘షల్’ స్థానంలో, ఐచ్ఛికమని చెప్పే ‘మే’ పెట్టగానే, అప్పటికే తయారైన ఫోన్లను మార్చవలసిన అవసరం తప్పి, ఆయన అభ్యంతరం తొలగిపోయింది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న అసలు విద్య అదే.

అపోహ: ఇదంతా తలుపులు మూసుకుని జరిగే వ్యవహారం.

వాస్తవం: ఖరారైన ప్రమాణాలనే కాదు, సమావేశాలకు వచ్చిన ప్రతిపాదనలను కూడా ఎవరైనా ఉచితంగా దింపుకుని చదవవచ్చు. విద్యార్థులు తప్పక చదవాలని నా కోరిక. అయితే చదవడం ఉచితమైనంత మాత్రాన అందులోని పేటెంట్ల వాడకం ఉచితం కాదు; వాటికి న్యాయమైన, సమంజసమైన, వివక్ష లేని షరతులపై లైసెన్సు ఇస్తామని హక్కుదారులు హామీ ఇస్తారు.

అపోహ: భారతదేశం ఇతరులు రాసినదాన్ని వాడుకోవడమే తప్ప రాసేది లేదు.

వాస్తవం: మన దేశపు టెలికాం ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్ఐ 3జీపీపీ భాగస్వామ్య సంస్థలలో ఒకటి. ఊళ్ళ మధ్య దూరాలు ఎక్కువగా ఉండి, టవర్లు తక్కువగా ఉండే మన గ్రామీణ ప్రాంతాలను దృష్టిలో పెట్టుకుని, టవర్ల మధ్య 6 కిలోమీటర్ల దూరం ఉన్నా 5జీ పనిచేయాలనే పరీక్షా పరిస్థితిని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య నిబంధనలలో చేర్పించడానికి భారతీయ ఇంజనీర్లు కృషి చేశారు. ఫోను మరింత బలంగా సంకేతం పంపగలిగే పద్ధతిపై ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు పనిచేశారు. దాని ఆధారంగా రూపొందిన ‘5జీఐ’ ప్రమాణాన్ని సమాఖ్య 2021లో గుర్తించింది. తరువాత అది విడిగా మిగిలిపోకుండా, 3జీపీపీ ప్రమాణాల 17వ విడుదలలో (రిలీజ్ 17లో) కలిసింది. విడి ప్రమాణంగా ఉండి ఉంటే, దానికోసం ప్రత్యేకంగా ఫోన్లూ చిప్‌లూ తయారుచేయించవలసి వచ్చేది.