బడి లైబ్రరీకి రాక్‌లు: తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: గోడ ఎంత ఉంటే అంత ఎత్తుకీ అరలు వేయించాలి.

వాస్తవం: కొలత గోడకి కాదు, పిల్లల చేతికి తీయాలి. ప్రాథమిక తరగతులకు రాక్ 120 సెంటీమీటర్లు దాటకపోతే మంచిది. పెద్ద తరగతులకు గోడ పక్కన 180 దాకా పోవచ్చు. ఆ పైన పెట్టిన పుస్తకాన్ని అడిగి తీయించుకునే పిల్లలు చాలా తక్కువ. అది ఉన్నా లేనట్టే. గది మధ్యలో పెట్టేవి ఇంకా పొట్టిగా ఉండాలి, టీచరుకు అవతలి మూల కనిపించాలి కదా. రాక్‌కీ రాక్‌కీ మధ్య కనీసం 90 సెంటీమీటర్లు వదలండి. అంతకన్నా ఇరుకైతే చక్రాల కుర్చీ పట్టదు.

అపోహ: పొడవాటి పలకలు వేస్తే ఖర్చు కలిసొస్తుంది.

వాస్తవం: ఈ మాట నమ్మి ఎన్ని బడులు రాక్‌లు మళ్లీ చేయించుకున్నాయో! 90 సెంటీమీటర్ల అర నిండితే పాతిక కిలోల దాకా తూగుతుంది, నిఘంటువులైతే ఇంకా ఎక్కువ. అదే పలకని 120 చేసి నిండా పేరిస్తే మధ్యలో వంపు మూడు రెట్లు దాటుతుంది. పొడవు కొద్దిగా పెరిగినా వంపు అంతలా పెరుగుతుంది. పలక మందం 18 మిల్లీమీటర్ల నుంచి 25కి పెంచితే వంపు సగానికి పైగా తగ్గుతుంది. చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు జోలికి పోవద్దు, తడి తగిలితే ఉబ్బుతుంది, బరువుకి కుంగుతుంది. ప్లైవుడ్ మేలు. అరలు పైకీ కిందకీ జరుపుకునేలా చేయించండి. ఈ ఏడు కథల పుస్తకాలున్న చోట వచ్చే ఏడు అట్లాసులు రావచ్చు.

అపోహ: అరలు కిక్కిరిసి ఉంటేనే లైబ్రరీ నిండుగా కనిపిస్తుంది.

వాస్తవం: బిగుతుగా పేర్చిన వరసలోంచి పుస్తకం తీసే పిల్లని ఒకసారి గమనించండి. పట్టు దొరక్క వేలు పైఅంచులో దూర్చి లాగుతుంది. అట్ట వెన్ను చిరగడం అక్కడే మొదలవుతుంది. ప్రతి అరలో మూడో వంతు ఖాళీ ఉంచి, పుస్తకాలు వాలిపోకుండా చివర ఆపు పెట్టండి. బొమ్మల పుస్తకాలకి వెన్ను సన్నం, పేరు కనపడదు. వాటిని ముఖం బయటికి పెట్టాలి.

అపోహ: గాజు తలుపుల బీరువాకి తాళం వేస్తే పుస్తకాలు భద్రం.

వాస్తవం: పుస్తకాలున్నది వాడుకోవడానికేనని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే మొదటి సూత్రంగా చెప్పారు. అరుదైన నాలుగు పుస్తకాలకి తాళం సరే, మిగతావన్నీ తెరిచే ఉంచండి.

అపోహ: స్టీలు రాక్ బరువుగా ఉంటుంది, గోడకి బిగించక్కర్లేదు.

వాస్తవం: చిన్న పిల్లలు కింది అరని మెట్టుగా వాడతారు. పై అరల్లో బరువుండి కింద ఖాళీగా ఉన్న రాక్ ముందుకు తూలుతుంది. చెక్కైనా స్టీలైనా బిగించాల్సిందే, స్క్రూ పైపూత దాటి ఇటుకలోకి దిగాలి. బరువైన పుస్తకాలు ఎప్పుడూ కింది అరల్లోనే.