సొరుగులో మిగిలిన అజిత్రోమైసిన్

మెడిసిన్ చదివే రోజుల్లో మా హాస్టల్ గదిలో ఒక సొరుగు ఉండేది. రాయని పెన్నులు, పాత ఛార్జర్లు, వాటి మధ్యలో ఎవరో సగం వాడి వదిలేసిన అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్. ఎవరికి గొంతు గరగరలాడినా అందులోంచి ఒకటి తీసి వేసుకోవడమే, ఎవర్నీ అడిగే పనే లేదు.

తమాషా ఏంటంటే సరిగ్గా అదే రోజుల్లో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో మాకు ప్లేట్లు ఇచ్చారు. అగార్ అనే జెల్లీ మీద బ్యాక్టీరియాను పలచగా పూసి, పైన యాంటీబయాటిక్ డిస్కులు పెట్టి మర్నాడు చూస్తే, ఒక్కో డిస్కు చుట్టూ ఏమీ పెరగని ఖాళీ వలయం. స్కేలుతో మిల్లీమీటర్లు కొలిచాం. ఒక్క డిస్కు చుట్టూ మాత్రం వలయమే లేదు, బ్యాక్టీరియా దాని అంచుకు ఒరుసుకుంటూ దర్జాగా పెరిగింది. 'రెసిస్టెంట్', అంటే మందుకు లొంగనిది, అని రికార్డులో రాసి, సంతకం పెట్టించుకుని, గదికొచ్చి మళ్లీ సొరుగు తీశాం.

వైద్య విద్యార్థుల మీద చాలా దేశాల్లో సర్వేలు చేశారు, అన్నిట్లోనూ ఇంచుమించు ఇదే కథ. జలుబు వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదని తెలుసా అంటే ఎక్కువమంది తెలుసంటారు, మరి డాక్టరుకు చూపించుకోకుండా వాడారా అంటే చాలామంది వాడామనే అంటారు. అందుకే వీళ్లకు అవగాహన లేదని తేల్చేస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. తెలుసు, పరీక్షలో రాశారు కూడా.

ఇంతకీ ఆ ఒక్క మాత్రతో ఏమవుతుంది? అమాక్సిసిలిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ అయితే ఒంట్లో సగానికి తగ్గడానికి గంట, గంటన్నర చాలు. అజిత్రోమైసిన్‌కు దాదాపు 68 గంటలు పడుతుంది. అంటే మాత్ర మానేశాక కూడా రోజుల తరబడి, చంపడానికి సరిపోనంత కొద్దికొద్దిగా, బ్యాక్టీరియాకు తగులుతూనే ఉంటుంది. 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఏ జబ్బూ లేనివాళ్లకు మూడు రోజులు ఈ మందు ఇచ్చారు. వాళ్ల నోట్లో మామూలుగా ఉండే స్ట్రెప్టోకాకస్‌లలో మందుకు లొంగనివాటి వాటా నాలుగో రోజుకే బాగా పెరిగిపోయింది, ఆరు నెలల తర్వాత చూసినా ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకంటే ఎక్కువగానే ఉంది. గొంతు నొప్పి తగ్గిందని మనం మర్చిపోయిన మాత్రను ఆ బ్యాక్టీరియా మర్చిపోలేదన్నమాట.

ఇక్కడే మేం బట్టీ పట్టిన ఒక పాఠం కూడా కాస్త తేడా కొడుతుంది. 'కోర్సు మధ్యలో ఆపితే రెసిస్టెన్స్ వస్తుంది' అని నేర్చుకున్నాం. క్షయ లాంటి జబ్బుల్లో అది నిజమే, మధ్యలో ఆపితే కొంప మునుగుతుంది. కానీ చాలా మామూలు ఇన్‌ఫెక్షన్లలో అసలు గొడవ వేరేచోట ఉంది. మన పేగుల్లో, చర్మం మీద, గొంతులో ఏ హానీ చేయకుండా బతికే బ్యాక్టీరియా కూడా మందు పడ్డ ప్రతిరోజూ దెబ్బ తింటుంది, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి, ఆ తట్టుకునే జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ముక్కలో పెట్టి పక్కవాటికి పంచుతాయి, పక్కది వేరే జాతిదైనా సరే. అందుకే అవసరం లేని అదనపు రోజులు కూడా నష్టమే. (అలాగని ఎవరికివారు ఆపేయమని కాదు, ఎన్ని రోజులన్నది డాక్టరే చెప్పాలి.)

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే యాంటీబయాటిక్స్‌ను మూడు గుంపులుగా విడదీసింది. ముందుగా వాడదగ్గవి ఒక గుంపు, ఆచితూచి వాడాల్సినవి ఇంకోటి, ఏ దారీ లేనప్పుడే ముట్టాల్సినవి మూడోది. మా సొరుగులోది రెండో గుంపు. ఆ సంగతి నాకు చదువు పూర్తయ్యాక తెలిసింది!

వైవాలో, పెన్సిలిన్ లాంటి మందులను విరగ్గొట్టే బ్యాక్టీరియా ఎంజైమ్ బీటాలాక్టమేజ్ ఎలా పనిచేస్తుందని అడిగారు, గడగడా చెప్పాను. యాంటీబయాటిక్ ఎప్పుడు రాయకూడదో మాత్రం ఎవరూ అడగలేదు. మొదటిసారి అడిగింది ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒక సీనియర్ మేడమ్. ముక్కు కారుతూ జ్వరంతో వచ్చిన కుర్రాడికి 'కవర్ కోసం', అంటే ఎందుకైనా మంచిదని, నేను యాంటీబయాటిక్ రాసిన చీటీ చూసి, "దేన్ని కవర్ చేస్తున్నావ్?" అన్నారు. కాసేపు ఆలోచించి, ఆ లైను కొట్టేశాను.