పాత టోపో షీటుకీ జీపీఎస్‌కీ మధ్య ఆ 200 మీటర్లు ఎక్కడివి?

ఊరి చెరువు కట్ట మీద నిలబడి ఫోన్‌లో అక్షాంశం, రేఖాంశం చూడండి. అవే అంకెల్ని సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీటు (కొండలు, చెరువులు, ఊళ్లు చూపే వివరమైన పటం) మీద గుర్తిస్తే చుక్క కట్ట మీద పడదు. తెలుగు ప్రాంతాల్లో ఈ తేడా దాదాపు 200 మీటర్లు. షీటు తప్పని కొందరు, ఫోన్ తప్పని కొందరు అంటారు. నిజానికి రెండూ సరైనవే. భూమిని కొలవడానికి అవి పట్టుకున్న ఆధారాలే వేరు.

భూమి నున్నటి బంతి కాదు. లెక్క కోసం ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టుండే ఒక ఆకారాన్ని అనుకుంటాం. దాని సైజు ఎంత, దాన్ని భూమికి ఎక్కడ తగిలించాం అన్నదే డేటమ్. మన డేటమ్ కథ 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలైంది. బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ అక్కడ ఏడున్నర మైళ్ల గీతను ఉక్కు గొలుసుతో కొలిచాడు. త్రిభుజంలో ఒక్క భుజం తెలిస్తే చాలు, మిగతావి కోణాలతో వచ్చేస్తాయి. కోణాలు కొలిచే, అర టన్ను బరువున్న థియోడలైట్‌ను కొండలూ గుడి గోపురాలూ ఎక్కిస్తూ, త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ, కన్యాకుమారి నుంచి బీదర్ ప్రాంతంలోని దామర్‌గిద్ద దాకా వచ్చారు. 1818లో హైదరాబాదులో లాంబ్టన్ దగ్గర చేరిన జార్జ్ ఎవరెస్ట్, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరం పట్టుకుని, కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసకు వెళ్లాల్సి వచ్చింది. ఆ పరికరాలు మోసి, అవే జ్వరాలకు పోయిన ఖలాసీల పేర్లు మనకు మిగల్లేదు. ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ముందు వాళ్లే గుర్తొస్తారు.

1830లో ఎవరెస్ట్ తేల్చిన భూమధ్యరేఖా వ్యాసార్ధం సుమారు 63,77,276 మీటర్లు. ఆ ఆకారాన్ని మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ దగ్గర భూమికి తగిలించారు. చిక్కు అక్కడే ఉంది. ఏది నిలువో చెప్పేది మేస్త్రీ వాడే గుండు దారం లాంటిదే. కొండలు, భూగర్భంలోని బరువులు దాన్ని పక్కకు లాగుతాయి. కల్యాణ్‌పూర్‌కీ, ఉత్తరాన ఉన్న కలియానాకీ మధ్య అక్షాంశాల తేడాను నక్షత్రాలతో ఒకసారి, త్రిభుజాలతో ఒకసారి లెక్కిస్తే 5.236 సెకన్ల తేడా వచ్చింది (ఇక్కడ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). నేల మీద అది 160 మీటర్లు. హిమాలయాలు గుండును లాగుతున్నాయని కలకత్తాలో ఉన్న మతాధికారి జాన్ ప్రాట్ లెక్కవేస్తే దాదాపు 16 సెకన్లు తేలింది. అంత పెద్ద పర్వతాలు ఇంత తక్కువ ఎందుకు లాగుతున్నాయి? పర్వతాల కింద తేలికైన రాయి వేళ్లలా లోతుకు దిగి ఉంటుందని 1855లో ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ జవాబిచ్చాడు. ఒక సర్వే తేడాలోంచి భూగర్భ శాస్త్రంలో ఇంత పెద్ద ఆలోచన పుట్టింది.

ఎవరెస్ట్ ఆకారం భారతదేశానికి బాగా అతికింది. మొత్తం భూమికి కాదు. దాని కేంద్రం భూమి అసలు కేంద్రానికి 800 మీటర్లకు పైగా దూరంలో ఉంది. పైగా అసలు కొలత అడుగుల్లో ఉండేది. మీటర్లలోకి మార్చేటప్పుడు ఒక్కోచోట ఒక్కో గుణకం వాడడంతో భారత్, పాకిస్తాన్, మలేసియాల్లో ఎవరెస్ట్ వ్యాసార్ధాలు పదుల మీటర్ల తేడాతో చలామణీ అయ్యాయి. కాబట్టి 'ఎవరెస్ట్ డేటమ్' అని మాత్రమే రాసిన నక్షా చూస్తే, ఏ ఎవరెస్ట్ అని అడగాల్సిందే.

ఉపగ్రహాలు తిరిగేది భూమి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ. అందుకే జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 ఆకారాన్ని ఆ కేంద్రానికే అమర్చారు. దాని వ్యాసార్ధం 63,78,137 మీటర్లు. 2005 జాతీయ మ్యాప్ విధానంతో ప్రజలకిచ్చే ఓపెన్ సిరీస్ షీట్లు ఈ డేటమ్‌కి మారాయి.

ఎత్తుల సంగతి వేరు. మన ప్రాంతంలో సగటు సముద్రమట్టం ఆ ఊహా ఆకారానికి కింద ఉంటుంది. హైదరాబాదులో 70 మీటర్లకు పైగా కింద. అందుకే కోస్తాలో జీపీఎస్ ఆ ఆకారం నుంచి కొలిచే ముడి ఎత్తు మైనస్‌లో చూపించినా టెన్షన్ అక్కర్లేదు. పాత బెంచ్‌మార్కుల (ఎత్తు చెక్కిన సర్వే గుర్తుల) ఎత్తులు విశాఖపట్నంతో సహా తొమ్మిది రేవుల్లో చూసిన సముద్రమట్టం నుంచి వచ్చినవి.

ఇప్పుడు ఇదంతా పొలం గట్టు దాకా వచ్చింది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వే, నిరంతరం పనిచేసే ఉపగ్రహ రిసీవర్ స్టేషన్ల మీద ఆధారపడింది. పాత ఎఫ్‌ఎంబీలు (పొలం కొలతల పుస్తకాలు) అలా కాదు, గొలుసులతో, లింకులతో కొలిచినవి. హద్దురాయికీ హద్దురాయికీ మధ్య దూరం వాటిలో ఉంటుంది, అక్షాంశ రేఖాంశాలు ఉండవు. రెండింటినీ కలపాలంటే పొలంలో ఇంకా కదలని పాత రాయి దొరకాలి. అది దొరక్కపోతే ఎంత ఖరీదైన రోవర్ (పొలంలో తిప్పే ఉపగ్రహ రిసీవర్) తెచ్చినా పాత హద్దు ఎక్కడో చెప్పలేదు.

ఇంకో మాట. మన దేశం ఉన్న భారత భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. హైదరాబాదులోని ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ) ఆవరణలో ఉన్న అంతర్జాతీయ జీపీఎస్ స్టేషన్ కూడా దాంతోపాటే కదులుతోంది. ఇరవై ఏళ్లకు అది ఒక మీటరు. అంటే సెంటీమీటర్లలో హద్దు రాసే రికార్డులో డేటమ్ పేరుతో పాటు ఆ అంకెలు ఏ ఏడాదివో కూడా ఉండాలి. రైతు చేతికిచ్చే నక్షా మీదే ఆ రెండూ అచ్చువేయాలని నేను గట్టిగా కోరుతున్నాను.