ఐరిష్ సంప్రదాయ సంగీతం: అపోహలు – వాస్తవాలు

ఐరిష్ ఫిడిల్ నేర్పుతానని చెప్పగానే మనవాళ్లు ముందుగా అడిగేది రివర్‌డ్యాన్స్ గురించి, ఆ తర్వాత గాయని ఎన్యా గురించి. రెండింటికీ ఐర్లండ్ సంప్రదాయంతో చుట్టరికం ఉంది. కానీ రివర్‌డ్యాన్స్ 1994లో యూరోవిజన్ పాటల పోటీ విరామ సమయంలో వేసిన నృత్య ప్రదర్శన; దాని సంగీతం బిల్ వీలన్ కొత్తగా కట్టింది. నలుగురు కుర్చీలు దగ్గరికి లాక్కుని వాయించుకునే సంగీతం వేరు. అక్కడ ఫలానా రీల్ (చతురశ్ర నడకలో సాగే నాట్య బాణీ) బాగుంటుందని ఎవరూ అనరు, ఫలానా వారి చేతిలో ఆ రీల్ ఎలా పలికిందో చెప్పుకుంటారు. మనిషిని పక్కనపెట్టి బాణీని మాత్రమే చూడటం వల్లే కింది అపోహల్లో చాలా భాగం పుట్టాయని నా నమ్మకం.

అపోహ: ఈ బాణీలన్నీ వందల ఏళ్ల నాటివి, కట్టినవారెవరో తెలియదు.

చాలా బాణీల విషయంలో అది నిజమే. అన్నిటి విషయంలో కాదు. ఎడ్ రీవీ ఐర్లండ్‌లోని కవన్ ప్రాంతంలో పుట్టి, ఫిలడెల్ఫియాలో ప్లంబర్ పని చేసుకుంటూ రీళ్లు కట్టారు. వాటిని ఈరోజు ఐర్లండ్ పల్లెల్లో తాతల నాటి బాణీలనుకుని వాయించేవాళ్లున్నారు. తూర్పు గాల్వేలో వ్యవసాయం చేసుకున్న పాడీ ఫాహీ సంగతి ఇంకా విచిత్రం. ఆయన తన బాణీలకు పేర్లే పెట్టలేదు, వాణిజ్య రికార్డులూ ఇవ్వలేదు. అందుకే ‘పాడీ ఫాహీ జిగ్’ (జిగ్ అంటే తిశ్ర నడక బాణీ) వాయిద్దామని ఎవరైనా అంటే, ఏ జిగ్గో రెండు స్వరాలు వాయించి చూపించాల్సిందే. ఆయన 2019లో కన్నుమూశారు. షికాగోలో పుట్టి పెరిగిన లిజ్ కారల్ నేటికీ కొత్తవి కడుతున్నారు.

అపోహ: వాయిద్యాలన్నీ ఐర్లండ్ ప్రాచీన సంపద.

ఐర్లండ్ నాణేల మీద కనిపించే హార్ప్ అనే తీగల వాయిద్యం ప్రాచీనమైనదే. కానీ 1792లో బెల్ఫాస్ట్‌లో హార్ప్ కళాకారులను సమావేశపరిచే నాటికే ఆ పరంపర కొడిగట్టింది. నేడు వినిపిస్తున్న మిగతా వాయిద్యాల్లో చాలా భాగం బయటి నుంచి వచ్చినవే. రెండు చేతులతో తిత్తిని సాగదీస్తూ వాయించే కాన్సర్టీనా ఇంగ్లండ్ నుంచి, బాంజో అమెరికా నుంచి వచ్చాయి. బుజూకీ అనే తీగల వాయిద్యం గ్రీసుది, 1960లలో జానీ మొయినిహన్ దాన్ని ఈ సంగీతంలోకి తెచ్చారు. 1972లో మొదలైన ప్లాంక్స్టీ బృందంలో ఆండీ ఇర్విన్, డోనల్ లన్నీ దాన్ని నిలబెట్టారు. గుండ్రటి వీపున్న గ్రీకు బుజూకీ ఒడిలో జారిపోతుంది కాబట్టి లన్నీ చదును వీపుతో చేయించుకున్నారు. మేకతోలు డప్పు బౌరాన్‌ను కూడా ఒకప్పుడు ప్రధానంగా క్రిస్మస్ మర్నాటి ఊరేగింపుల్లోనే కొట్టేవారు. దాన్ని కచేరీ వేదిక ఎక్కించినది స్వరకర్త షాన్ ఓ రియాడా. ఆయన బృందంలో వాయించిన పాడీ మలోనీయే 1962లో చీఫ్‌టెన్స్ బృందాన్ని ప్రారంభించారు.

అపోహ: ఐరిష్ పైపులు, మన సైనిక బ్యాండుల్లోని పైపులు ఒకటే.

మన సైనిక, పోలీసు బ్యాండుల్లో వినిపించేవి స్కాట్లండ్ బ్యాగ్‌పైపులు, అంటే సంచిలోని గాలితో పలికే గొట్టాల వాయిద్యాలు. వాటిని నోటితో ఊదుతూ, నడుస్తూ వాయిస్తారు. ఐర్లండ్ ఇల్లెన్ పైపులను కూర్చుని వాయించాలి. నోటితో పనిలేదు: ఒక మోచేతి కింద తిత్తి గాలి కొడుతుంది, రెండో చేతి కింద సంచి ఆ గాలిని పట్టి ఉంచుతుంది. స్వరాలు పలికే గొట్టం కొసను మోకాలి మీది తోలుముక్కకు నొక్కితే శబ్దం ఆగిపోతుంది. అలా ఆపి సంచి మీద ఒత్తిడి పెంచితే పై స్థాయి పలుకుతుంది. ఒడిలో అడ్డంగా ఉన్న గొట్టాల మీటలను మణికట్టుతో నొక్కి తోడు స్వరాలు ఇస్తారు. ఇదంతా ఒకే మనిషి, ఒకేసారి చేసే పని. ప్లాంక్స్టీలోని లియమ్ ఓ ఫ్లిన్ స్వరానికీ స్వరానికీ మధ్య గొట్టాన్ని మూస్తూ ముత్యాల్లా విడదీసి పలికిస్తే, బోథీ బ్యాండ్‌లోని పాడీ కీనన్ గాలిని తెంచకుండా దూకిస్తారు. వాయిద్యం ఒకటే, మాట్లాడేది ఇద్దరు మనుషులు. ఈ పైపులు వాయించే కళను 2017లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

అపోహ: ఎంత వేగంగా వాయిస్తే అంత గొప్ప.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇది. 1975–79 మధ్య వెలిగిన బోథీ బ్యాండ్ రికార్డులు విని పిల్లలు వేగం వెంట పడతారు. ఆ బృందంలో మ్యాట్ మొలోయ్ ఫ్లూటును, కెవిన్ బర్క్ ఫిడిల్‌ను విడిగా వినమంటాను. ఎంత ఉరవడిలోనూ ఏ స్వరమూ నలగదు.

ఈ సంగీతం ప్రాణం అలంకారాల్లో ఉంది. ‘రోల్’ అనేదాన్ని తీసుకోండి. ముందు మూల స్వరం, పై వేలితో ఒక తాకు, మళ్లీ మూల స్వరం, కింది స్వరానికి ఒక తాకు, తిరిగి మూల స్వరం. అంతా ఒకే కమాను లాగులో అయిపోవాలి. ఆ రెండు తాకుళ్లు శ్రుతిగా వినపడకూడదు, దెబ్బలా తగలాలి. కర్ణాటక వయొలిన్ నేర్చుకుని వచ్చిన విద్యార్థుల వేలు ఇక్కడ అలవాటుగా జారుతుంది, గమకం పలుకుతుంది. ఆ అలవాటును కాసేపు పక్కన పెట్టించడం నా తరగతిలో అన్నిటికంటే కష్టమైన పని. తిశ్ర నడకలో సాగే జిగ్‌ను నెమ్మదిగా వాయిస్తేనే రోల్ సరిగా కుదిరిందో లేదో తెలుస్తుంది.

నెమ్మదితనం ఏం చేయగలదో తెలియాలంటే మార్టిన్ హేస్‌ను వినండి. క్లేర్ ప్రాంతంవారు, తండ్రి పి.జె. హేస్ నాట్యాలకు వాయించే టుల్లా కేలీ బ్యాండ్‌ను నడిపారు. షికాగో గిటారిస్టు డెనిస్ కాహిల్‌తో కలిసి హేస్ సియాటిల్‌లో ఇచ్చిన కచేరీ 1999లో విడుదలైంది. అందులో ఒక బాణీల వరుస దాదాపు అరగంట సాగుతుంది. గుసగుసలా మొదలై, శ్రోతకు తెలియకుండానే ఉద్ధృతమవుతుంది. కాహిల్ గిటార్‌లో ఎన్ని స్వరాలు వదిలేశారో గమనించండి.

అపోహ: ఇది అనాదిగా పబ్బుల్లో పుట్టి పెరిగిన సంగీతం.

పూర్వం ఇళ్లలో, నాలుగు దారుల కూడళ్లలో నాట్యాలకు వాయించేవారు. 1935లో నృత్యశాలలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక ఇళ్లలోని నాట్యాలు దెబ్బతిన్నాయి. పబ్బులో గుంపుగా కూర్చుని వాయించడం రెండో ప్రపంచయుద్ధం తర్వాత లండన్‌లో, ముఖ్యంగా కామ్డెన్ టౌన్ వైపు, వలస కూలీల మధ్య బలపడింది. అద్దె గదుల్లో వాయించుకునే చోటు వాళ్లకు ఎక్కడిది?

అపోహ: అంతా చెవితోనే, కాగితం ముట్టకూడదు.

చెవే ప్రధానం, ఒప్పుకుంటాను. అయినా ఇప్పటికీ అందరూ తిరగేసే సంకలనాలను అచ్చువేసినది షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓ నీల్. 1903 నాటి ఆయన పుస్తకంలో 1850 బాణీలున్నాయి. కార్క్, కెర్రీ సరిహద్దులోని స్లీవ్ లూఖ్రాలో పాడ్రిగ్ ఓ కీఫ్ (1887–1963) బడిపంతులు ఉద్యోగం తర్వాత ఇంటింటికీ తిరిగి ఫిడిల్ నేర్పారు. ఆయనకు సొంత లిపి ఉండేది: అయిదు గీతల మధ్యనున్న నాలుగు ఖాళీలు నాలుగు తీగలు, అంకెలు వేళ్లు. రాగాలంకారాల సంగతి మాత్రం గురువు పక్కన కూర్చుని పట్టుకోవాల్సిందే. అలా పట్టుకున్న శిష్యుల్లో డెనిస్ మర్ఫీ, ఆయన చెల్లెలు జూలియా క్లిఫర్డ్ వాయించిన పోల్కాలు (రెండు లెక్కల నాట్య బాణీలు) నాకు ప్రాణం.

అపోహ: ‘సెల్టిక్ సంగీతం’ సంకలనం ఒకటి వింటే సరిపోతుంది.

వాటిలో ప్రాంతాల తేడాలు చెరిగిపోతాయి. ముందు స్లైగోకు చెందిన మైకల్ కోల్‌మన్ (1891–1945) న్యూయార్క్‌లో చేసిన రికార్డులు వినండి. పియానో తోడు చాలాచోట్ల బాణీతో పొసగదు, దాన్ని పట్టించుకోకండి. కమాను ఒక్కో లాగులో ఎన్ని స్వరాలు కలిసిపోతున్నాయో చూడండి. ఆ తర్వాత డొనెగాల్‌కు చెందిన జాన్ డోహర్టీని వినండి. అక్కడ దాదాపు ప్రతి స్వరానికీ కమాను విడిగా కదులుతుంది, స్కాట్లండ్ గాలి తగులుతుంది. ఆ డొనెగాల్ ధోరణి ఒక బృందంగా ఎలా విస్తరిస్తుందో తెలియడానికి మరేడ్ ని వీనీ నడిపే ఆల్టన్ దగ్గరికి వెళ్లండి. చీఫ్‌టెన్స్, డి డానన్, డర్విష్ బృందాలు ఆ తర్వాత.