బి.ఏ. చేరాలా, వద్దా? ఒడిశా సరిహద్దు తెలుగువారి సందిగ్ధం వెనుక చరిత్ర

ప్లస్ టూ ఫలితాలు రాగానే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడలలోని తెలుగు కుటుంబాల్లో ఒకే చర్చ మొదలవుతుంది. పిల్లలను ప్లస్ త్రీ ఆర్ట్స్‌లో, అంటే ఒడిశాలోని మూడేళ్ల బి.ఏ.లో చేర్చాలా, లేక అప్పో సప్పో చేసి ఇంజినీరింగో నర్సింగో చదివించాలా అన్నది ఆ చర్చ. ఆన్‌లైన్ దరఖాస్తులో ప్రాధాన్య క్రమం నింపేటప్పుడు చరిత్ర, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం చాలాసార్లు చివరి వరుసల్లోకి జారిపోతాయి. కోరినదేదీ దక్కకపోతే కనీసం ఒక డిగ్రీ అయినా చేతిలో ఉంటుందన్న ఆలోచనతో వాటిని రాస్తారు. ఈ ప్రాంత విద్యాచరిత్ర చూస్తే బి.ఏ. పట్ల ఈ చిన్నచూపు ఎంత ఇటీవలిదో అర్థమవుతుంది.

బరంపురం, పర్లాకిమిడి ఉన్న గంజాం జిల్లా ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోనే ఇక్కడి కళాశాలలు పుట్టాయి. బరంపురంలో ప్రభుత్వ పాఠశాలగా మొదలైన సంస్థ 1878లో కళాశాలగా మారి, తరువాత ఖల్లికోట రాజావారి పేరు మీద స్థిరపడింది. 1896లో పర్లాకిమిడి రాజావారి పాఠశాల కూడా ఆ స్థాయికి చేరింది. ఇవి ఎఫ్.ఏ. (నేటి ఇంటర్మీడియట్ స్థాయి) వరకు బోధించిన రెండవ తరగతి కళాశాలలు కనుక, బి.ఏ. పట్టం కావాలంటే విజయనగరమో మద్రాసో వెళ్లవలసి వచ్చేది. మరో విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఆనాటి బి.ఏ.లో చరిత్ర, తత్వశాస్త్రాలతో పాటు గణితం, భౌతికశాస్త్రం కూడా ఉండేవి, సి.వి. రామన్ 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల నుంచి భౌతికశాస్త్రంలో బంగారు పతకంతో పొందినది బి.ఏ. పట్టమే. తెలివైనవారికి సైన్సు, మిగిలినవారికి ఆర్ట్స్ అన్న విభజనకు ఆ రోజుల్లో తావే లేదు.

బి.ఏ. ఒక మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో చూడాలంటే పర్లాకిమిడిలోనే గొప్ప ఉదాహరణ ఉంది. గిడుగు వెంకట రామమూర్తి 1880లో అక్కడి రాజావారి పాఠశాలలో చిన్న జీతానికి ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ., ఆపైన చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. పూర్తి చేశారు. శ్రీముఖలింగం గుడిలోని శాసనాలను స్వయంగా చదివి, ఆ ఊరే ప్రాచీన కళింగనగరమని వాదించారు. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకొని, మాట మాటా రాసుకొని, చివరికి ఆ భాషకు వ్యాకరణాన్నీ నిఘంటువునూ సమకూర్చారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడులు నడిపారు. వ్యావహారిక భాషోద్యమానికి బలమిచ్చినది కూడా మాట్లాడే భాషను ఇంత శ్రద్ధగా గమనించిన ఈ అలవాటే. చరిత్ర, భాష వంటి విషయాలతో బతుకుతెరువు లేదనేవారికి ఆయన జీవితాన్ని మించిన సమాధానం నాకు తెలియదు.

ఉద్యోగాల లెక్కలోనూ ఆ పట్టానికి విలువ ఉండేది. ప్రభుత్వ కచేరీలు, బడులు, రెవెన్యూ శాఖ చదువుకున్నవారిని పిలిచి పని ఇచ్చాయి. బరంపురంలో న్యాయవాది ఇంట పుట్టి, ఖల్లికోట కళాశాలలో చదివి, న్యాయశాస్త్రం కోసం డబ్లిన్ వెళ్లిన వి.వి. గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు.

ఈ దారి 1936 ఏప్రిల్ 1న మలుపు తిరిగింది. ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాంలో అధిక భాగమూ, విశాఖపట్నం ఏజెన్సీలోని కొరాపుట్ ప్రాంతమూ అందులో చేరాయి. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినందుకు గిడుగు ఆ ఊరే విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అయినా కళాశాలలు వెంటనే మారలేదు. అప్పటికే మద్రాసు నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందికి వచ్చిన దక్షిణ ఒడిశా కళాశాలలు 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు అక్కడే నడిచాయి. కొరాపుట్ ప్రాంతంలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. వాల్తేరు సైన్సు కళాశాల ఆయన పేరునే ధరించింది. 1954లో ఒడియా అధికార భాష అయింది. 1967లో బరంపురానికి సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. చదువు ఇంటి దగ్గరికి వచ్చింది కానీ, పరీక్షకూ ఉద్యోగానికీ కావలసిన భాష మారింది.

నా దృష్టిలో సందిగ్ధమంతా ఇక్కడే ఉంది. గణితంలోనో రసాయనశాస్త్రంలోనో భాష కొంత బలహీనంగా ఉన్నా నెట్టుకురావచ్చు. ఆర్ట్స్‌లో అలా కుదరదు. ప్రతి పేపరూ పేజీల కొద్దీ వ్యాసాలు రాయమంటుంది, వాటిని ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియాను మార్కుల కోసం మాత్రమే చదివిన పిల్లవాడు ఆ వ్యాసాల దగ్గరే తడబడతాడు. తల్లిదండ్రులు దానిని సబ్జెక్టు లోపంగా భావిస్తారు. సరిహద్దు దాటి శ్రీకాకుళానికో విశాఖకో పంపుదామంటే, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి; ఒడిశాలో పుట్టి ఒడిశాలోనే చదివిన తెలుగు విద్యార్థి సాధారణంగా ఆ లెక్కలోకి రాడు.

ఇంజినీరింగ్, యాజమాన్య కోర్సులు ఈ ఖాళీలోకి వేగంగా వచ్చాయి. వాటిని తప్పుపట్టనక్కరలేదు. కానీ బి.ఏ. తలుపులు మూయలేదన్నది కూడా అంతే నిజం. యు.పి.ఎస్.సి. సివిల్ సర్వీసులకు, బ్యాంకు ఉద్యోగాలకు ఏ డిగ్రీ అయినా చాలు. తెలుగు బాగా చదివినవారు సివిల్స్‌లో తెలుగు సాహిత్యాన్నే ఐచ్ఛికంగా తీసుకోవచ్చు. ఒడిశా పరిపాలనా సర్వీసుకు మాత్రం ఒడియా చదవడం, రాయడం వచ్చి తీరాలి. ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్లదలచినవారికి బి.ఎడ్. ప్రవేశానికి సాధారణంగా 50 శాతం మార్కులు కావాలి కనుక, ఎలాగో గట్టెక్కిన డిగ్రీ వారికి పనికిరాదు.

2020 జాతీయ విద్యావిధానం ప్రకారం మూడేళ్లకు డిగ్రీ తీసుకొని బయటికి రావచ్చు, నాలుగో ఏడు చదివితే ఆనర్స్ వస్తుంది. ఒక మేజర్ సబ్జెక్టుతో పాటు మైనర్లనూ ఎంచుకోవచ్చు. ఈ ఎంపికలు కాగితం మీద ఎన్ని ఉన్నా, చిన్న పట్టణపు కళాశాలలో ఆ సబ్జెక్టుకు శాశ్వత అధ్యాపకుడు ఉన్నాడా, అతిథి అధ్యాపకుడితో నడుస్తోందా అన్నదే మొదట తేల్చుకోవలసిన విషయం. దరఖాస్తు గడువుకు ముందే కళాశాలకు వెళ్లి, ఆ విభాగంలో రెండో ఏడు చదువుతున్న విద్యార్థులను అడిగితే క్లాసులు వారానికి ఎన్ని జరుగుతున్నాయో, లైబ్రరీలో పుస్తకాలు ఏ భాషలో ఉన్నాయో, జవాబులు ఏ భాషలో రాస్తున్నారో గంటలో తెలిసిపోతుంది. ఆ జవాబులు సంతృప్తిగా ఉంటే, చరిత్రనో అర్థశాస్త్రాన్నో మొదటి వరుసలోనే రాయడానికి వెనుకాడవలసిన పని లేదు.