సి గొప్పా, పైథాన్ గొప్పా అని వాదులాడుకునే మనవలకు

చిరంజీవులిద్దరికీ ఆశీస్సులు.

సి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల మీద మొన్న మీరు చేసిన వాదనలో ఒక మంచి ప్రశ్న ఉంది, గొడవలో పడి మీరే దాన్ని వదిలేశారు. పైథాన్‌లో చేయగలిగి, సి లో అసలు చేయలేని లెక్క ఏదైనా ఉంటుందా? ఉండదు. రాయడానికి పట్టే టైము, నడిచే స్పీడు వేరు కావచ్చు గానీ లెక్క కట్టే శక్తి మాత్రం రెండింటికీ ఒకటే, ఎందుకంటే పైథాన్‌ని నడిపే ప్రోగ్రాంని సి లో రాయొచ్చు (మీరు రోజూ వాడే పైథాన్ దాదాపుగా అలా రాసిందే), సి ని నడిపే ప్రోగ్రాంని పైథాన్‌లో రాయొచ్చు. 1936లో గణితవేత్త అలాన్ ట్యూరింగ్ ఊహించిన కాగితపు యంత్రం చేయగల లెక్కలన్నీ చేయగలిగే భాషని ట్యూరింగ్ కంప్లీట్ అంటారు. వెబ్ పేజీలకి వాడే హెచ్‌టీఎంఎల్ ఒక్కదాన్నే తీసుకుంటే అది ఈ కోవలోకి రాదు.

మరి ఆ శక్తి రావాలంటే భాషలో ఏమేం ఉండాలి? మీరనుకున్నంత ఉండక్కర్లేదు. రెండు గిన్నెలు, బోలెడన్ని చింతగింజలు తెచ్చుకోండి. ఒక గింజ వేయడం, ఒక గింజ తీయడం, గిన్నె ఖాళీ అయితే ఫలానా మెట్టుకి వెళ్లడం, ఇంతే మనకున్న కమాండ్లు. మూడు సంఖ్యలు దాచుకోవాలి, ఉన్నవేమో రెండే గిన్నెలు, అందులో ఒకటి పనికోసం ఖాళీగా ఉంచాలి. ఎలా? సంఖ్యలు 2, 1, 3 అనుకోండి. రెండు 2లు, ఒక 3, మూడు 5లు గుణిస్తే 1500 వస్తుంది, ఆ 1500 గింజలు మొదటి గిన్నెలో పోయండి. మొదటి సంఖ్యకి ఒకటి కలపాలంటే మొత్తాన్ని రెట్టింపు చేస్తే చాలు: మొదటి గిన్నెలోంచి ఒకటి తీయడం, రెండో దాంట్లో రెండు వేయడం, మొదటిది ఖాళీ అయ్యేదాకా. తగ్గించాలంటే రెండు తీసి ఒకటి వేయాలి. అలా రెండేసి తీస్తుంటే చివర్లో ఒకటే మిగిలిందంటే ఆ సంఖ్య సున్నా అన్నమాట. ఇలా ఎన్ని సంఖ్యలనైనా ఒక్క గిన్నెలో ఇమిడ్చి ట్యూరింగ్ యంత్రం మొత్తాన్నీ నడపొచ్చని మార్విన్ మిన్‌స్కీ 1961లో నిరూపించాడు. మొదట్లో ఇచ్చే సంఖ్యల్ని కూడా ఇలాగే గుణించి ఇవ్వాలి, గిన్నెల్లో ఎన్ని గింజలైనా పట్టాలి. నిజం కంప్యూటర్లో మెమరీకి హద్దు ఉంటుంది, అందుకే మనం యంత్రాన్ని పక్కనపెట్టి భాష గురించి మాట్లాడుకుంటున్నాం.

ఇందులో అసలు కీలకం “ఖాళీ అయ్యేదాకా” అన్న మాటలో ఉంది. ఎన్నిసార్లు తిరగాలో ముందే లెక్కపెట్టి చెప్పలేదు చూశారా. 1967లో ఆల్బర్ట్ మేయర్, డెనిస్ రిచీ (అవును, తర్వాత సి ని తయారుచేసిన రిచీయే) లూప్ అనే చిన్న భాష గురించి రాశారు. అందులో ప్రతి లూపూ (అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే కమాండు) ఎన్నిసార్లు తిరగాలో మొదలయ్యేముందే తేలిపోతుంది, మధ్యలో మార్చడానికి లేదు. కూడికలు, గుణకారాలు, ప్రధాన సంఖ్యలు వెతకడం అన్నీ అందులో చేయొచ్చు, ప్రతి ప్రోగ్రామూ ఎప్పటికో ఒకప్పటికి ఆగి తీరుతుంది. అయినా అది ట్యూరింగ్ కంప్లీట్ కాదు. విల్‌హెల్మ్ ఆకర్‌మన్ 1928లో చూపించిన ఒక ఫంక్షన్ ఆ భాషకి అందదు, అది అంత వేగంగా పెరుగుతుంది: ఇప్పుడందరూ వాడే దాని సులువు రూపంలో 3, 3 ఇస్తే 61 వస్తుంది, 4, 2 ఇస్తే వచ్చే సంఖ్యలో 19,729 అంకెలుంటాయి. లూప్ భాషకి ఒక్క వైల్ లూపు (“ఫలానాది అయ్యేదాకా” అని తిరిగేది) కలపండి, ఆకర్‌మన్ ఫంక్షనే కాదు, ట్యూరింగ్ యంత్రం చేయగలవన్నీ అందుతాయి.

కానీ ఊరికే రాదు. వైల్ వచ్చాక ప్రోగ్రాం ఆగుతుందన్న గ్యారంటీ పోతుంది. ఒక సంఖ్య తీసుకుని, సరిసంఖ్య అయితే సగం చేయండి, బేసి అయితే 3తో గుణించి 1 కలపండి, 1 వచ్చేదాకా తిరగనివ్వండి. 27తో మొదలుపెడితే 9232 దాకా ఎగిరి 111 మెట్లకి 1కి చేరుతుంది. ఏ సంఖ్య ఇచ్చినా ఇలాగే ఆగుతుందా? నాలుగు లైన్ల కోడు, ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు! ఏ ప్రోగ్రాం ఇచ్చినా ఆగుతుందో లేదో తప్పకుండా చెప్పే ప్రోగ్రాం అసలు ఉండనే ఉండదని ట్యూరింగ్ వాదన చెబుతుంది: అలాంటిది ఉంటే, తన గురించి దాన్నే అడిగి, “ఆగుతావు” అంటే ఆగకుండా తిరిగే, “ఆగవు” అంటే ఆగిపోయే ప్రోగ్రాం ఒకటి రాయొచ్చు, ఈ కొత్త ప్రోగ్రాం గురించి ఆ మొదటిది ఏం చెప్పినా తప్పే అవుతుంది.

అందుకే కొందరు ఈ శక్తిని కావాలనే వద్దనుకుంటారు. నాకు అది చాలా తెలివైన పనే అనిపిస్తుంది. బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు లావాదేవీల్లో రాసే స్క్రిప్టు అనే చిన్న భాషలో లూపులే లేవు, ఎవరో రాసిన కోడుని వేలాది కంప్యూటర్లు నడపాలి కదా, ఒక్కటి ఆగకపోయినా అన్నీ ఇరుక్కుంటాయి. అలాంటిదే ఇంకొకటైన ఎథీరియం వాళ్లు లూపుల్ని ఉంచారు, కానీ ప్రతి మెట్టుకీ ‘గ్యాస్’ అని ఫీజు పెట్టారు, ముందు కట్టింది అయిపోతే ప్రోగ్రాం ఎక్కడుంటే అక్కడ ఆగిపోతుంది.

మీ తాతయ్య